ఇరవై లెక్కపెట్టేదాకా

శివజ్యోతిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. అది నత్తి కాదు, చెవుడు కాదు, మొండితనం అసలే కాదు. అడిగిన మాట లోపలికి పోవాలి, అక్కడ కాసేపు కూర్చోవాలి, ఆ తర్వాత జవాబు మెల్లగా లేచి రావాలి. ఎనిమిదో తరగతికి వచ్చేదాకా అంత ఓపిక ఆ బళ్ళో ఎవరికీ లేకపోయింది. అడుగుతారు, మూడు లెక్కపెట్టేంతసేపు చూస్తారు, "కూచో" అంటారు. ఆ పిల్ల కూర్చుంటుంది. కూర్చున్నాక లోపల జవాబు వచ్చిందో లేదో కనుక్కున్నవాళ్ళు లేరు.

ప్రసన్నకుమారి కనుక్కుంది. అదీ గొప్ప తెలివితో కాదు, అనుకోకుండా. ఆమె బి.ఇడి. రెండో ఏడాది పిల్ల. నాలుగు నెలల టీచింగ్ ప్రాక్టీసుకని కాలేజీవాళ్ళు ఆలూరు నుంచి ముప్పావుగంట బస్సు దూరంలో ఉన్న గుండ్లకొట్టాల హైస్కూలుకు పంపారు. చెప్పాల్సింది ఇంగ్లీషు. ఆమె చదివిందంతా తెలుగు మీడియం. తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టు, తనకే నోరు తిరగని భాషను ముప్పైమంది పిల్లల నోళ్ళలో తిప్పాలి. మొదటి వారంలో ఒకరోజు శివజ్యోతిని లేపి ఒక ప్రశ్న అడిగి, తర్వాత తాను పలకాల్సిన ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో పేర్చుకుంటూ, ఆ పిల్లను కూర్చోమనడం మరిచిపోయింది. తన వాక్యం ఇంకా సగంలోనే ఉండగా వెనక బెంచీ నుంచి సన్నటి గొంతు వినిపించింది. జవాబు తప్పు లేకుండా ఉంది.

మర్నాడు కావాలనే లేపి, మనసులో లెక్కపెట్టింది. పదిహేడు. ఇంకోరోజు పద్నాలుగు. ఒకసారి పంతొమ్మిది. ఇరవై ఎప్పుడూ దాటలేదు. అప్పటినుంచి అదే లెక్క. శివజ్యోతి వంతు వస్తే మేడం ఇరవై లెక్కపెడుతుందని పిల్లలకు కూడా తెలిసిపోయింది. మొదట్లో నవ్వినవాళ్ళు తర్వాత తామూ లోలోపల లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

వాన గురించిన పాఠం చెబుతున్న రోజు, వాన వస్తే మీరేం చేస్తారని ఇంగ్లీషులో అడిగింది ప్రసన్న. "ఐ మేక్ పేపర్ బోట్స్" అని పుస్తకంలో ఉన్నదే అందరూ అప్పజెప్పారు. ఆ ఊళ్ళో పడవ వదలడానికి నీళ్ళు నిలిచి ఎన్నేళ్ళయిందో పుస్తకం రాసినవాళ్ళకు తెలియదు పాపం. శివజ్యోతి వంతు వచ్చింది. పదహారు దగ్గర నోరు తెరిచింది.

"ఇఫ్ రెయిన్ కమ్స్, వి స్టే హియర్."

ప్రసన్న సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. వాన వస్తే ఊళ్ళోనే ఉంటాం. వాన రాలేదు కాబట్టి సుగ్గికి పోతాం. ఆ పిల్ల చెప్పింది అదే. ఆలూరు చుట్టుపక్కల సుగ్గి అంటే తెలియని ఇల్లు లేదు. పంట ఎండిపోయిన ఏడు కూలీలను కుదిర్చే మేస్త్రీ లారీ తెస్తాడు, బియ్యం మూట, పొయ్యి గిన్నెలు, పిల్లాజెల్లా అందరూ ఎక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. తిరిగి వచ్చేది ఉగాదికో, ఆ తర్వాతో. అప్పటికి బళ్ళో పరీక్షలు కూడా అయిపోయి ఉంటాయి.

ప్రసన్నకు అది ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆరో తరగతిలో తానూ పోయింది. వాళ్ళ నాయన దాసన్న ఆ లారీలో ఆమెను మూటల మీద కూర్చోబెట్టాడు. మిరపకాయలు కోసిన చేతుల్తో కళ్ళు తుడుచుకోకూడదని తెలియక మొదటి రోజే తుడుచుకుంది. ఎందుకు ఏడుస్తున్నానో ఎవరికీ చెప్పనక్కరలేకుండా మూడు నెలలు ఏడ్చింది. తిరిగి వచ్చేసరికి హాజరు పట్టీలో ఆమె పేరు లేదు. చర్చి హాస్టలు వాళ్ళు చేర్చుకోకపోతే ఇవాళ సుద్దముక్క పట్టుకునేది కాదు. తాను టీచరైతే ఒక్క పిల్లనైనా ఆ లారీ ఎక్కనివ్వనని అప్పుడే అనుకుంది. ముప్పైమందిని ఆపడం ఆమె వల్ల కాదు. ఒకర్ని ఆపగలనేమో అనిపించింది.

ఆ సాయంత్రమే శివజ్యోతి ఇంటికి పోయింది. తల్లి మహాదేవమ్మ జొన్నలు చెరుగుతోంది. తండ్రి సుంకప్ప గడప మీద కూర్చుని బీడీ తాగుతూ, మేడాన్ని చూసి ఆర్పేశాడు.

"అన్నా, మీరిద్దరూ పోండి. పాపను మాత్రం అవ్వ కాడ ఇడిసిపెట్టండి. శానా బాగా చదువుతాంది" అంది ప్రసన్న. ఆ ఊరు వచ్చాక ఆమె మాట కూడా ఆ ఊరి మాటే అయిపోతుంది.

సుంకప్ప కాసేపు మాట్లాడలేదు. ఆ పిల్లకు ఆ నిదానం ఎక్కడినుంచి వచ్చిందో ప్రసన్నకు అప్పుడు అర్థమైంది.

"సూడు మేడమ్మా" అన్నాడు చివరికి. "బడికి పోతాంటే సరే, ఉండనీ. బడికి పోకుండా ఇంట్లో కూసునే పనైతే మాత్రం నేను ఇడిసిపెట్టి పోను. ఎదిగే ఆడబిడ్డ. మా యమ్మకు కండ్లు ఆనవు. పగలంతా ఒంటిగా ఉంటే ఎవురు సూస్తారు? బడి ఉండాది, మీరు ఉండారు అనే ఒప్పుకుంటాండా."

"ఒక్క దినం కూడా బడి మానదు. నా పూచీ అన్నా."

"ఆయప్ప ఒప్పుకున్నేదే శానా, మేడమ్మా" అంది మహాదేవమ్మ, చాట పక్కన పెట్టి. "మాట పోనీయొద్దు." లారీ అమావాస్య పోయినాక వస్తుందని కూడా ఆమే చెప్పింది.

తలుపు చాటునుంచి శివజ్యోతి అంతా విన్నది. మర్నాడు బళ్ళో మొదటి బెంచీలో కూర్చుంది.

ఇక్కడి దాకా బాగానే ఉంది. చెడింది ఫైనల్ లెసన్ దగ్గర.

బి.ఇడి. చదువంటే సగం రికార్డులు, సగం ఈ ఫైనల్ లెసన్. వేరే కాలేజీ నుంచి పరీక్షకుడొకాయన వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు. నలభై అయిదు నిమిషాలు పాఠం చెప్పాలి. ఆయన మార్కులు వేస్తే టీచరు, వేయకపోతే మళ్ళీ ఏడాది. ఆ రోజు కోసం క్లాసును ముందే సిద్ధం చేసుకోవడం ఆనవాయితీ. ఎవరిని లేపితే ఎవరు ఏం చెప్పాలో ముందే పంచుకుంటారు. బాగా చదివేవాళ్ళు ముందు బెంచీల్లో. నోరు మెదపనివాళ్ళు ఆ పూట ఇంటి దగ్గర. ఈ సంగతి పరీక్షకులకూ తెలుసు, వాళ్ళూ ఒకప్పుడు అట్లాగే గట్టెక్కినవాళ్ళే కదా. అందరూ కలిసి ఆడే నాటకానికి పరీక్ష అని పేరు పెట్టుకున్నారంతే.

ఆ బళ్ళో ఇంగ్లీషు సారు షబ్బీర్. ప్రసన్నకు గైడు ఆయనే. మంచి మనిషి, పాతికేళ్ళ సర్వీసులో అలసిపోయిన మనిషి. బుధవారం మధ్యాహ్నం హాజరు పట్టీ ముందేసుకుని నాలుగు పేర్ల పక్కన పెన్సిలుతో చుక్కలు పెట్టాడు. నాలుగోది శివజ్యోతి.

"సార్, ఆ పాప పలుకుతాది సార్. ఇరవై లెక్కపెడితే చాలు" అంది ప్రసన్న.

"పలుకుతాదని నాకూ తెలుసమ్మా. నిన్ను సూసే నేనూ లెక్కపెట్టేది నేర్చుకుంటి. కానీ వచ్చే ఆయప్ప చేతికి గడియారం ఉంటాది. నువ్వు ఇరవై లెక్కపెట్టేలోపల క్లాసు చచ్చిపోయిందని రాసుకుంటాడు. పోయినేడు రిహానా అని ఒక పాప వచ్చిండె. శానా బాగా చెప్పింది. ఆయప్ప ఒక మొద్దుపిల్లోణ్ణి లేపినాడు, వాడు స్తంభం మాదిరి నిలబడినాడు. ఇంగ అంతే, రిహానా మళ్ళీ ఈ ఏడు రాస్తాంది." పట్టీ మూసి ఆమె వైపు జరిపాడు. "బియ్యంలో రాళ్ళు ఏరినట్ల ఏరాల. ఒక్క దినమే కదా. మీ నాయన కూలి చేసి సదివిస్తాండేది గుర్తుపెట్టుకో."

సుంకప్ప మాట ఆమెకు గుర్తు రాకపోలేదు. వచ్చింది. కానీ అమావాస్య ఆదివారం, లారీ ఆ తర్వాత, పరీక్ష గురువారమో శుక్రవారమో. ఒకటి రెండు రోజులు పిల్ల ఇంట్లో ఉంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. భయం పట్టుకున్న మనిషికి లెక్కలన్నీ తనకు అనుకూలంగానే తేలతాయి.

బడి వదిలాక నలుగురినీ ఆపింది. పరీక్షకుడు ఏ రోజు ఏ క్లాసు చూస్తాడో ఇంకా తెలియలేదు. అందుకని, "నేను కబురు చేసేదాకా బడికి రావద్దండి. ఇంటి కాడ ఉండండి" అంది. మగపిల్లలు ముగ్గురూ ఎగిరి గంతేశారు. సంచులు భుజాన వేసుకుని ఒకర్నొకరు తోసుకుంటూ పారిపోయారు.

శివజ్యోతి కదల్లేదు. మేడం ముఖం వంకే చూస్తూ నిలబడింది. ప్రసన్న చార్టుకు జిగురు పూస్తోంది. మబ్బుల బొమ్మ ఒక మూల లేచి వస్తోంది. అయిదున్నర బస్సు పోతే ఆలూరుకు ఇంకో బస్సు లేదు.

"ఏం పాపా?" అంది తలెత్తకుండానే.

ఆ పిల్ల పెదవులు కదలబోయినట్టున్నాయి. రోడ్డు మీద బస్సు హారను మోగింది. ప్రసన్న చార్టు చుట్టి చంకన పెట్టుకుని, "నేను పిలుస్తాలే, పో" అని పిల్ల తల మీద చెయ్యి వేసి పరుగెత్తింది. ఆ రోజు మాత్రం లెక్కపెట్టలేదు.

గురువారం పరీక్షకుడు పదిన్నరకే వచ్చాడు. తెల్లని జుట్టు, మెత్తని మాట. ఆయన్ను చూశాక ప్రసన్నకు సగం భయం తగ్గింది. పాఠం నూనె వేసిన బండి మాదిరి సాగింది. మబ్బుల చార్టు ఊడలేదు. అడగ్గానే చేతులు లేచాయి, లేపగానే జవాబులు వచ్చాయి. ఆయనే లేచి, వాన వస్తే ఏం చేస్తారని ఇంగ్లీషులో అడిగాడు. "పేపర్ బోట్స్" అంది ముందు బెంచీ. "పేపర్ బోట్స్" అంది దాని వెనక బెంచీ. ఆయన నవ్వాడు. కిటికీలోంచి ఎర్రగా ఎండిన చేలు కనిపిస్తున్నాయి, ఆయన వాటివైపు చూసి ఇంకేం అడగలేదు.

గంట కొట్టాక ఆమెను దగ్గరికి పిలిచాడు. "పట్టీలో ముప్పైమంది ఉన్నారు. ఇరవై ఆరుగురే వచ్చారేమ్మా?"

"జరం సార్. నలుగురికీ" అంది ప్రసన్న. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే సిగ్గేసింది.

"ఈ పిల్లలు ఎవరు చెప్పినా చెబుతారు. నోరు మెదపని పిల్ల ఒకతి ఉండి, ఆ పిల్లను నువ్వెట్లా పలికిస్తావో చూడాలనుకున్నాను. నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటా." ఆ మాట కోపంగా అనలేదు. మార్కులు కూడా తగ్గించలేదు. రికార్డులో, వెనకబడిన పిల్లల పట్ల శ్రద్ధ అనే గడి ఎదురుగా 'చాలా బాగుంది' అని రాసి సంతకం పెట్టాడు.

ప్రసన్న ఆ గడి వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఒక్కసారిగా ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది. సాయంత్రం దాకా ఉంటానన్నాడు కదా. శివజ్యోతిని తీసుకొస్తే? ఆయన ముందే నిలబెట్టి, ఒక్క ప్రశ్న అడిగి, అందరూ వింటుండగా పైకే ఇరవై లెక్కపెడితే? పరీక్షకుడికి భోజనం వడ్డిస్తున్నారు, వడ్డించడానికి ఆమె కూడా ఉండాలి. షబ్బీర్ సారు పిలుస్తున్నా వినకుండా బయటికి నడిచింది. దారిలో అంగట్లో రెండు చాక్లెట్లు కూడా కొన్నది. ఎండ మాడుస్తోంది, అయినా నవ్వు ఆగడం లేదు ఆమెకు.

ఇంటి ముందు లారీ టైర్ల గుర్తులు తాజాగా ఉన్నాయి. ఆ గుర్తులు ఆమె చూసింది గానీ వాటి అర్థం వెంటనే తలకెక్కలేదు. తలుపుకు తాళం లేదు. లోపల అవ్వ ఒక్కతే గోడకానుకుని కూర్చుంది. దండెం మీద బట్టలు లేవు. పొయ్యి మీద గిన్నె లేదు.

"ఎవురు?" అంది అవ్వ, చూపు ఆనని కళ్ళు తిప్పుతూ.

"నేనవ్వా. బడి మేడాన్ని. శివజ్యోతి యాడ?"

"పోయిరి కదా తల్లీ. పొద్దున తొమ్మిదికే మొదటి లారీ ఎక్కిరి."

"అమావాస్య పోయినాక కదా పోయేది?"

"ఆడ కాయ పండి రాలిపోతాందంట. అమావాస్య గిమావాస్య అని కూసుంటే పని వేరేవాళ్ళకు పోతాదని మేస్త్రీ నిన్న పొద్దున్నే వచ్చి చెప్పిపాయ. నా మనవరాలు ఎక్కనంటే ఎక్కననింది. వాళ్ళ నాయన, బడికి పోతావా మరి అనె. అది అబద్ధం చెప్పే పిల్ల కాదు కదమ్మా. మేడం రావద్దనింది, పిలిచేదాకా రావద్దనింది అని చెప్పె. ఇంగేముంది, ఎక్కు అనె వాళ్ళ నాయన."

ప్రసన్న గడప మీదే కూర్చుంది. చేతిలో చాక్లెట్లు ఎండకు మెత్తబడిపోయాయి.

"నిన్న నీకు చెప్తాననే బడికి వచ్చిండె" అంది అవ్వ. "రేపే లారీ, మేడంకు చెప్తా, మేడం వచ్చి మా నాయనతో మాట్లాడుతాది అనె. చెప్పలేదా తల్లీ నీకు?"

జిగురు పూసిన మబ్బుల బొమ్మ, ఆ పక్కన కదలబోయిన పెదవులు, బస్సు హారను. అవ్వ జవాబు కోసం ఎదురుచూసింది. ఆ ఇంట్లో అందరికీ ఎదురుచూడడం అలవాటే. ప్రసన్న ఎంతకీ పలకకపోయేసరికి, ఓదార్పుగా తానే అంది: "నువ్వు పిలిస్తే వస్తానని చెప్పమని పోయిందిలే."

పక్కింటి పెద్ద ఈరన్న దగ్గర మేస్త్రీ ఓబుళేశు నంబరు దొరికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు. అయినా చేసింది. నాలుగోసారికి ఎత్తాడు. లారీ హోరులో అరుస్తూ మాట్లాడాడు. ఎవరికోసమో చెబితే, "సుంకప్పా, ఫోను!" అని అందించాడు.

"అన్నా, నేను... పాపను ఎట్లన్నా చేసి వెనక్కి పంపించు అన్నా. తప్పు నాది."

"నీ పూచీ అంటివి కదా మేడమ్మా." సుంకప్ప గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నీ మాట నమ్మే ఇడిసిపోతామనుకుంటిమి. నువ్వే రావద్దంటివంట. ఇప్పుడు సగం దారి వచ్చినాం, నేను దిగితే ఓబుళేశు ఊరుకుంటాడా? ఇద్దో, దానితోనే మాట్లాడు."

ఫోను చేతులు మారిన చప్పుడు. గాలి. ఎవరో పసిబిడ్డ ఏడుపు. దగ్గరగా చిన్న ఊపిరి.

"శివజ్యోతీ, నేనే పాపా. నిన్న నువ్వేదో చెప్పాలని నిలబడుకుంటివి. నేను వినల్యా. ఇప్పుడు చెప్పు. ఏం చెప్పల్లనుకుంటివి?"

జవాబు లేదు. రాదని ఆమెకు తెలుసు, అప్పుడే రాదు. కళ్ళు మూసుకుని లెక్కపెట్టసాగింది. ఒకటి, రెండు, మూడు. లారీ గేరు మార్చుకుంది. ఏడు, ఎనిమిది. ఊపిరి వినిపిస్తూనే ఉంది. పది. పదకొండు.

"ఏం పలకల్యా మేడం, ఈ పాప!" అని ఓబుళేశు గొంతు మధ్యలో దూరింది. "ఊరికే ఫోను పట్టుకోని కూసుండాది. ఛార్జింగు అయిపోతాంది, పెట్టేస్తాండా."

"వద్దప్పా, ఒక్క నిమిషం, పెట్టొద్దు..."

హోరు ఆగిపోయింది. ప్రసన్న ఫోను చెవినుంచి తీయలేదు. ఎండలో అట్లాగే నిలబడి, పన్నెండు అంది పైకే. పదమూడు. పద్నాలుగు. పెద్ద ఈరన్న ఆమె వంక వింతగా చూశాడు. పదిహేడు దగ్గర ఆగిపోయింది. అక్కడ, మూటల మీద కూర్చుని, ఆ పిల్ల ఈపాటికి నోరు తెరిచి ఉంటుంది. ఫోను మేస్త్రీ జేబులో ఉంటుంది.